వాగ్గేయకారుల ప్రతులు, వాటిని చదవవలసిన కళ్లు
(సంగీత పరిశోధనకు విద్యార్థులకొక పరిచయం)

త్యాగరాజస్వామి కృతులు తెలుగులో ఉన్నాయి. కాని వాటి తొలి ప్రతులను చూడదలచిన పరిశోధకుడు వెళ్లవలసినది మదురై నగరానికి. దక్షిణాది సంగీత గ్రంథాలలో మిక్కిలి పెద్దదైన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ తెలుగు లిపిలో అచ్చయింది. అచ్చయిన చోటు తమిళదేశపు దక్షిణ కొసన ఉన్న ఎట్టయపురం. శహాజీ మహారాజు మాతృభాష మరాఠీ. ఆయన తెలుగులో రచించిన ‘పల్లకీ సేవా ప్రబంధం’ తంజావూరులో పుట్టింది. ఈ మూడు విషయాలను ఒకచోట పెట్టి చూస్తే మా విద్యార్థులకు సహజంగానే ఒక సందేహం వస్తుంది. మన భాషలోని సంగీత సంపద మన భాషా ప్రాంతానికి వెలుపల ఎందుకున్నది? ఉన్నదాన్ని ఇప్పుడు ఎవరు చదువుతున్నారు?

ఈ వ్యాసంలో ఆ రెండు ప్రశ్నలకూ మాకు తెలిసిన మేరకు సమాధానం చెప్పే ప్రయత్నం చేస్తాము. వాగ్గేయకారుల రచనలు ఏయే దారులలో మనదాకా వచ్చాయో, సంగీత కళాశాలలూ విశ్వవిద్యాలయాలూ వాటి విషయంలో ఏం చేశాయో, ఒక పాత ప్రతి చేతికి వచ్చినప్పుడు దానితో ఎట్లా పనిచేయాలో క్రమంగా వివరిస్తాము.

తమిళనేల మీద తెలుగు

తంజావూరును 1673 వరకు నాయకరాజులు పాలించారు. వారి ఆస్థానభాష తెలుగు. 17వ శతాబ్దం చివరి పాదం నుండి 1855 వరకు మరాఠా భోసలే వంశం పాలించింది. రాజ్యం మారినా కొలువులో పాట భాష మారలేదు. మరాఠా రాజులు తెలుగు యక్షగానాలను ఆదరించడమే కాక స్వయంగా రచించారు. 1684 నుండి 1712 వరకు పాలించిన శహాజీ కాలంలో రాగాల లక్షణాలను వివరించే ‘రాగలక్షణము’ సయితం తెలుగులోనే వెలువడింది. అప్పటికి తెలుగు ఒక ప్రాంతపు మాటగా కాక, దక్షిణదేశమంతటా గాయకులు నేర్చుకునే పాటభాషగా నిలిచింది. తమిళం మాట్లాడే ఇంటివారూ, మరాఠీ మాట్లాడే ఇంటివారూ, సౌరాష్ట్ర భాష మాట్లాడే ఇంటివారూ పాట కోసం తెలుగు లిపి నేర్చారు.

తంజావూరు సరస్వతీ మహల్ గ్రంథాలయం ఈ చరిత్రకు సాక్ష్యం. నాయకరాజుల కాలంలో మొదలైన భాండారాన్ని 1798 నుండి 1832 వరకు పాలించిన రెండవ శరభోజి విస్తరింపజేశాడు. 1918లో అది ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. అక్కడి తెలుగు తాళపత్రాలలో కావ్యాలతోపాటు యక్షగానాలూ, పదాలూ, సంగీతశాస్త్ర గ్రంథాలూ ఉన్నాయి.

పాట నిలిచిన మూడు దారులు

కవి పద్యం రాస్తే ఆ పద్యమే రచన. వాగ్గేయకారుని విషయం అట్లా కాదు. మాట ఉంది, ధాతువు ఉంది, తాళం ఉంది. మాట కాగితం మీద నిలుస్తుంది. వరుస గొంతులో నిలుస్తుంది. గొంతు ఆగితే వరుస పోతుంది. కనుక ఒక వాగ్గేయకారుని భాండారం అంటే ఆయన చేతిరాత ఒక్కటే కాదు. శిష్యుల పుస్తకాలు, వంశీయుల స్వరప్రతులు, తొలి ముద్రణలు, పాఠాంతరాలు పాడే విద్వాంసుల జ్ఞాపకం, ఇవన్నీ కలిస్తేనే భాండారం అవుతుంది.

మొదటి దారి రాగిరేకు. తాళ్లపాక అన్నమాచార్యుల (1408–1503) సంకీర్తనలను ఆయన వంశీయులు రేకుల మీద చెక్కించి తిరుమల ఆలయంలోని అరలో భద్రపరచారు. 20వ శతాబ్దపు తొలి దశకాలలో అవి వెలుగులోకి వచ్చాయి. రేకులు 2,000కు పైగా, వాటిపై నిలిచిన సంకీర్తనలు 12,000కు పైగా. ప్రతి సంకీర్తనకూ రాగం పేరు చెక్కి ఉంది. స్వరం లేదు. నాలుగు శతాబ్దాలు మాట చెక్కుచెదరలేదు, వరుస మాత్రం చాలావరకు జారిపోయింది. ఈ సంకీర్తనలను పరిష్కరించిన పండితులలో వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ ముఖ్యులు. కర్ణాటకలోని మన విద్యార్థులు రాళ్లపల్లివారిని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. ఆయన మైసూరు మహారాజా కళాశాలలో సుమారు 38 సంవత్సరాలు తెలుగు బోధించారు. ఆ తరువాత తిరుపతిలో సంకీర్తనల పరిష్కరణకు పూనుకొని, నూరుకు పైగా సంకీర్తనలకు తామే స్వరరచన చేశారు. అవి అన్నమయ్య నాటి వరుసలని ఆయన ఎన్నడూ చెప్పుకోలేదు. పరిశోధకునికి ఉండవలసిన నిజాయితీ అది.

రెండవ దారి శిష్యుని పుస్తకం. మూడవది వంశ సంప్రదాయం. ఈ రెంటినీ కొంత వివరంగా చూడాలి.

వాలాజాపేట ప్రతులు

త్యాగరాజు (1767–1847) కృతులను మనకు అందించిన శిష్యపరంపరలు ప్రధానంగా మూడు: వాలాజాపేట, ఉమయాళ్‌పురం, తిల్లస్థానం. వీటిలో రాతప్రతుల విషయంలో వాలాజాపేట పరంపరది పెద్దపీట. దానికి మూలపురుషుడు వేంకటరమణ భాగవతార్ (1781–1874). తంజావూరు సమీపాన ఉన్న అయ్యంపేటలో సౌరాష్ట్ర కుటుంబంలో పుట్టి, త్యాగరాజుకు ముఖ్యశిష్యుడై, తరువాత వాలాజాపేటలో స్థిరపడ్డాడు. ఆయన, ఆయన కుమారుడు కృష్ణస్వామి భాగవతార్ గురువు కృతులను స్వరసహితంగా రాసిపెట్టారు. గురువు జీవితచరిత్రను తెలుగులో తొలిసారి రాసినది కూడా ఈ తండ్రీకొడుకులే. ఈ ప్రతులు కాలక్రమాన మదురైలోని సౌరాష్ట్ర సభకు చేరాయి.

ఇక్కడొక విషయం గమనించాలి. ఈ ప్రతులు రాసినవారి ఇంటిభాష సౌరాష్ట్రం. వారు నివసించిన ప్రాంతం తమిళం. రాసినది తెలుగు. తెలుగు జిల్లాలలో పుట్టినవారెవరూ ఈ పనికి పూనుకోకముందే వారు దీన్ని దీక్షగా చేశారు. తెలుగు మాట మీద మనకున్న మమకారం పుట్టుకతో వచ్చినది కావచ్చు. వారిది కోరి తెచ్చుకున్నది.

వేంకటరమణ భాగవతారు శిష్యులలో సదాశివరావు ఒకరు. చిత్తూరు దగ్గర గిరింపేటలో మహారాష్ట్ర కుటుంబంలో పుట్టి, మైసూరు కొలువుకు చేరి, ముమ్మడి కృష్ణరాజ ఒడెయరు ఆదరణలో తెలుగు, సంస్కృత కృతులు రచించారు. తిరువయ్యారులో మొదలైన ఒక పాఠం వాలాజాపేట మీదుగా మైసూరు చేరిందన్నమాట. ఒక్క వాగ్గేయకారుని పరిశోధించబోతే మూడు రాష్ట్రాలు, నాలుగు భాషలు ఎదురవుతాయి. ఈ రంగంలో పనిచేసేవారికి సరిహద్దులు పనికిరావు.

వాలాజాపేట ప్రతులు పరిశోధకులకు చిక్కుప్రశ్నలు కూడా వేస్తాయి. కొన్ని కృతులకు ఈ ప్రతులలో ఉన్న రాగనామం ఒకటి, నేడు కచేరీలలో చెప్పేది మరొకటి. త్యాగరాజు శిష్యులకు పాట నేర్పేటప్పుడు అన్ని రాగాలకూ పేర్లు చెప్పి ఉండకపోవచ్చుననీ, పేర్లు తరువాత చేరి ఉండవచ్చుననీ కొందరు పండితుల ఊహ. ఏది మూలమో తేల్చేముందు ప్రతులన్నీ ఎదురెదురుగా పెట్టుకోక తప్పదు.

ఎట్టయపురం గ్రంథం

ముత్తుస్వామి దీక్షితులు 1835లో ఎట్టయపురంలో పరమపదించారు. ఆయన తమ్ముడు బాలస్వామి దీక్షితులు ఆ సంస్థానంలోనే ఆస్థాన విద్వాంసుడు. బాలస్వామి తన కుమార్తె కొడుకైన సుబ్బరామ దీక్షితులను (1839–1906) దత్తత తీసుకొని విద్య నేర్పాడు. వంశపు స్వరప్రతులన్నీ ఆ విధంగా సుబ్బరామ దీక్షితులకు చేరాయి. ఎట్టయపురం పాళెగాళ్ల మూలాలు తెలుగు కంబళ నాయకులవి.

ఆ ప్రతులను అచ్చులోకి తేవాలని పట్టుపట్టిన వ్యక్తి మద్రాసుకు చెందిన ఎ.ఎం. చిన్నస్వామి మొదలియారు. ఆయన క్రైస్తవుడు, పాశ్చాత్య స్వరలిపి తెలిసినవాడు. త్యాగరాజు తదితరుల కృతులను ఆ లిపిలోకి మార్చి 1893లో ప్రకటించడం ఆరంభించాడు. సుబ్బరామ దీక్షితులు మొదట తమ వంశవిద్యను బయటపెట్టడానికి వెనుకాడారు. మొదలియారు ప్రోద్బలం, సంస్థానాధిపతి ఆజ్ఞ తోడై చివరకు ఒప్పుకున్నారు. 1904లో ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ ఎట్టయపురం విద్యావిలాసిని ముద్రాక్షరశాలలో రెండు సంపుటాలుగా అచ్చయింది.

సుమారు 1,700 పుటల ఆ గ్రంథంలో 76 మంది సంగీత ప్రముఖుల చరిత్రలు, 72 మేళాల లక్షణాలు, ముత్తుస్వామి దీక్షితుల కృతులు 229, ఇంకా గీతాలు, వర్ణాలు, సంచారులు, ఇతరుల రచనలు స్వరసహితంగా ఉన్నాయి. దీక్షితుల కృతులు చాలావరకు సంస్కృతంలో ఉన్నా వాటిని అచ్చువేసినది తెలుగు అక్షరాలతోనే.

ఈ గ్రంథంలో గమకాలకు ప్రత్యేకమైన గుర్తులు వాడారు. కంపితం, స్ఫురితం వంటి సంస్కృత నామాల పక్కనే నొక్కు, ఒదుక్కల్, ఒరికై వంటి వైణికుల వాడుకపేర్లు కనిపిస్తాయి. పైకి జారితే ఏట్రజారు, కిందికి జారితే ఇరక్కజారు. వీటిలోని ఏట్ర, ఇరక్క అన్నవి తమిళపు మాటలే. తెలుగు అచ్చులో సంస్కృత శాస్త్రం, తమిళ వాడుక పక్కపక్కనే ఒదిగి కూర్చున్నాయి.

మేళాల పేర్ల విషయంలో విద్యార్థి జాగ్రత్త పడాలి. సుబ్బరామ దీక్షితులు అనుసరించిన పద్ధతిలో మొదటి మేళం కనకాంబరి, రెండవది ఫేనద్యుతి. నేడు సంగీత కళాశాలలలో నేర్పే పద్ధతిలో అవి కనకాంగి, రత్నాంగి. 65వ మేళానికి అక్కడ శాంతకల్యాణి, ఇక్కడ మేచకల్యాణి. పేరు చూసి రాగాన్ని నిర్ణయిస్తే పొరపడతాము. ఏ సంప్రదాయపు ప్రతి అన్నది ముందు తేల్చుకోవాలి.

మద్రాసు ముద్రణశాలలు

ప్రదర్శినికి పూర్వమే మద్రాసులో తెలుగు సంగీత గ్రంథాలు అచ్చయ్యాయి. 1859లో ‘సంగీత సర్వార్థసార సంగ్రహము’ వెలువడింది. తచ్చూరు సింగరాచార్యుల సోదరులు 1877లో ‘గాయక పారిజాతము’, 1889లో ‘సంగీత కళానిధి’ వంటి వరుస గ్రంథాలు ప్రకటించారు. ఇవి పాఠశాలలు లేని రోజుల్లో పాఠ్యపుస్తకాలుగా పనిచేశాయి. కొన్ని రచనలకు ఈ ముద్రణలే నేడు మనకున్న పాత ఆధారాలు.

రాతప్రతినీ అచ్చుప్రతినీ సరిపోల్చే పని పండితులదే అనుకోవలసిన పనిలేదు. బెంగుళూరు నాగరత్నమ్మ (1878–1952) గాయని. ముద్దుపళని రచించిన ‘రాధికా సాంత్వనం’ పాత ముద్రణలో కొన్ని భాగాలు విడిచిపెట్టారని రాతప్రతి సంపాదించి గుర్తించారు. 1910లో సమగ్రమైన పాఠాన్ని ప్రకటించారు. తరువాతి కాలంలో తిరువయ్యారులో త్యాగరాజ సమాధి మందిరాన్ని నిర్మింపజేసినది కూడా ఆమెయే. కర్ణాటకలో పుట్టి, మద్రాసులో పాడి, తంజావూరు తెలుగు గ్రంథాన్ని ఉద్ధరించిన ఆమె మన విద్యార్థులకు మంచి ఆదర్శం.

కళాశాలలు, అకాడమీలు

సంగీతానికి ఆధునిక కళాశాల ఏర్పడడంలో విజయనగరానిది ముందడుగు. 1919లో అక్కడి మహారాజు స్థాపించిన కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షులు. ద్వారం వేంకటస్వామినాయుడు వాయులీన ఆచార్యులుగా చేరి, తరువాత అధ్యక్షులయ్యారు. ఒడిశా సరిహద్దుకు చేరువలో ఉండడం వలన ఆ ప్రాంతపు తెలుగువారికి అది దగ్గరి విద్యాస్థానం. ఆ పరిసరాలలోనే, పర్లాకిమిడిలో, గిడుగు రామమూర్తి సవరల భాషను నేర్చి వారి పాటలను సేకరించారు. లిపి లేని పాటను కూడా భాండారంలో చేర్చవచ్చునని ఆయన కృషి చెబుతుంది.

మద్రాసులో 1927నాటి కాంగ్రెసు మహాసభల సందర్భంగా జరిగిన సంగీత సమావేశం ఫలితంగా 1928లో మ్యూజిక్ అకాడమీ ప్రారంభమైంది. ఏటేటా విద్వత్సభలు, పరిశోధన పత్రిక, ప్రాచీన గ్రంథాల ముద్రణ దాని కార్యక్రమాలు. ‘ప్రదర్శిని’ని తమిళ లిపిలోకి తెచ్చే పనిని అది 1961లో మొదలుపెట్టి సంపుటాలుగా వెలువరించింది. మద్రాసు విశ్వవిద్యాలయ సంగీత శాఖలో ఆచార్య పి. సాంబమూర్తి (1901–1973) తంజావూరు తెలుగు గేయనాటకాలను స్వరసహితంగా ప్రకటించారు. 1949లో మద్రాసులో ప్రభుత్వ కర్ణాటక సంగీత కళాశాల ఏర్పడింది. ముసిరి సుబ్రహ్మణ్య అయ్యరు దాని తొలి అధ్యక్షులు. ఈ సంస్థలవల్ల పాఠం గురుకులం నుండి తరగతికి వచ్చింది. శిష్యుడు గురువు ఇంటి పాఠాంతరాన్ని మాత్రమే ఎరిగి ఉండే స్థితి పోయి, నాలుగు పాఠాంతరాలను పోల్చి చూసే అవకాశం ఏర్పడింది.

అయితే తరగతిలో తెలుగు లిపి స్థానం క్రమంగా తగ్గింది. విద్యార్థి తన మాతృభాష లిపిలో పాట రాసుకోవడం సహజం. అందులో తప్పేమీ లేదు. కాని దాని పర్యవసానం చూడాలి.

ఒక అక్షరం, మూడు మాటలు

తమిళ లిపిలో ప, ఫ, బ, భ నాలుగింటికీ ఒకటే అక్షరం. కనుక బాల (చిన్నది), పాల (పాలయొక్క), ఫాల (నుదురు) అనే మూడు మాటలనూ తమిళ అక్షరాలలో ఒకే విధంగా రాయవలసి వస్తుంది. బలము, ఫలము అనే మాటలదీ అంతే. ఈ ఇబ్బందిని గుర్తించి తమిళ సంగీత గ్రంథాలు అక్షరం పక్కన 2, 3, 4 అంకెలు వేస్తాయి. మంచి ఉపాయమే. కాని చేతితో రాసుకునేటప్పుడు అంకె జారిపోతుంది. అంకె జారితే అర్థం జారుతుంది. తరువాతి శిష్యుడు ఆ జారిన మాటనే పాడతాడు. అది కచేరీలో వినిపించి, మళ్లీ అచ్చులోకి వచ్చి, చివరికి పాఠాంతరమన్న గౌరవం పొందుతుంది.

పదవిభజన విషయం కూడా ఇంతే. పాట తాళానికి విరుగుతుంది, అర్థానికి కాదు. భాష తెలియని గాయకుడు తాళం దగ్గర ఊపిరి తీసుకుంటాడు. తెలిసినవాడు మాట విరగకుండా సర్దుకుంటాడు. తంజావూరు జిల్లా మెలట్టూరులో ఏటా నరసింహ జయంతి సమయంలో తెలుగు భాగవతమేళ నాటకాలు ఆడతారు. నటులలో పలువురి ఇంటిమాట నేడు తమిళమే. అయినా తరతరాలుగా తెలుగు మాటను నిలబెట్టుకొస్తున్నారు. వారి శ్రద్ధను మెచ్చుకోవడంతో మన పని తీరదు. వారికి అర్థతాత్పర్యాలు విప్పిచెప్పే సహాయం మనవంటి శాఖల నుండి అందాలి.

ప్రతి చేతికి వచ్చినప్పుడు

పరిశోధనకు పూనుకొనే విద్యార్థి పాటించవలసిన క్రమాన్ని సంగ్రహంగా చెబుతాము.

మొదటిది పరిచయం. ప్రతి తాళపత్రమా, కాగితమా, ఎన్ని ఆకులు, ఏ ఆకులు లోపించాయి అన్నది రాసుకోవాలి. చివరి ఆకున లేఖకుడు తన పేరు, సంవత్సరం రాయడం పరిపాటి. ఆ సంవత్సరం ప్రభవాది అరవైలో ఒకటి అవుతుంది. అరవై ఏళ్లకొకసారి అదే పేరు తిరిగి వస్తుంది కాబట్టి ఇతర ఆధారం లేకుండా క్రీస్తుశకానికి మార్చరాదు.

రెండవది లిపి. పాత ప్రతులలో మాటకూ మాటకూ నడుమ ఖాళీ ఉండదు. అరసున్న ఉంటుంది. రేఫను వలపలగిలకతో రాస్తారు. ‘ధర్మము’ అనే మాట ‘ధమ౯ము’ వలె కనిపిస్తుంది. కొత్తవాడు దాన్ని తొమ్మిది అంకె అనుకుంటాడు. మా తరగతిలో మొదటివారం అందరూ అట్లాగే చదువుతారు. రెండవ వారానికి నవ్వుకుంటారు. నెలతిరిగేసరికి ధారాళంగా చదువుతారు. లిపి నేర్వడం అంతకుమించిన గండం కాదు.

మూడవది స్వరం. హ్రస్వాక్షరం ఒక అక్షరకాలం, దీర్ఘం రెండు. ‘స’ ఒకటి, ‘సా’ రెండు. స్థాయిగుర్తులు కొన్ని ప్రతులలో ఉండవు. అప్పుడు తాళాన్ని బట్టీ, రాగసంచారాన్ని బట్టీ ఊహించాలి. ఊహించినదాన్ని ఊహ అని గుర్తుపెట్టి రాయాలి.

నాలుగవది పోలిక. దొరికినన్ని ప్రతులు, తొలి ముద్రణలు, వీలైతే ఆ పరంపరలో పాడే విద్వాంసుని పాఠం పక్కపక్కన పెట్టాలి. భేదాలన్నీ నమోదు చేయాలి. వ్యాకరణం కుదరలేదని లేఖకుని మాటను చడీచప్పుడు లేకుండా దిద్దకూడదు. దిద్దితే అడుగున చెప్పాలి. మనం తప్పనుకున్నది ఆనాటి వాడుక కావచ్చు.

చివరిది విధేయత. ప్రతిని కాపాడిన కుటుంబానికీ, సంస్థకూ అది ఆస్తి మాత్రమే కాదు, పూజావస్తువు. అనుమతి అడగడం, ఆకును ఆనవాలు చెడకుండా తాకడం, పని ముగిశాక ఒక నకలు వారికి ఇవ్వడం మన కర్తవ్యం.

మనం చేయగలిగినది

నేడు పాత ముద్రిత గ్రంథాలు ఎన్నో స్కాన్ ప్రతులుగా అందుబాటులో ఉన్నాయి. ఆకు బొమ్మ తీయడానికి యంత్రం చాలు. ఆ బొమ్మను చదవడానికి లిపి, భాష, రాగం మూడూ తెలిసిన మనిషి కావాలి. సంగీత కళాశాలలో రాగం తెలిసినవారున్నారు. తెలుగు శాఖలలో భాష తెలిసినవారున్నారు. ఇద్దరూ ఒక బల్లకు ఇటూ అటూ కూర్చోవడం అరుదు.

ఈ కొరతను తీర్చగలవారు ఎవరని ఆలోచిస్తే మాకు తోచేది మీరే. మదురైలో, తంజావూరులో, కోయంబత్తూరులో, మైసూరులో, బరంపురంలో పెరిగిన తెలుగు విద్యార్థికి ఇంట్లో తెలుగు ఉంది, వీధిలో మరొక భాష ఉంది. లేఖకుడు తమిళుడైనప్పుడు ఎక్కడ పొరపడతాడో మీకు చెప్పనక్కరలేదు. ఏట్రజారు అన్న మాటను మీరు నిఘంటువు చూడకుండా గ్రహిస్తారు. హైదరాబాదు నుండో విజయవాడ నుండో వచ్చే పరిశోధకుడు ఏళ్లతరబడి సంపాదించవలసిన జ్ఞానం మీకు పెంపకంలోనే అబ్బింది. లోపించినది ఒక్కటే. మీలో చాలామందికి తెలుగు మాట వచ్చు, తెలుగు రాత రాదు.

అందుచేత మా విన్నపం చిన్నది. ముందు లిపి నేర్వండి. తరువాత మీ ఇంట పాతపెట్టెలలో నాయనమ్మ పాటల పుస్తకం ఉన్నదేమో వెదకండి. ఉంటే అందులో ఒక్క పాటను ఉన్నదున్నట్లు ఎత్తి రాయండి. పెద్దవారిచేత దాన్ని పాడించి, పాడినదాన్ని పక్కన రాయండి. రెంటికీ భేదమెక్కడున్నదో గుర్తించండి. సంగీత పరిశోధన అక్కడే మొదలవుతుంది. సౌరాష్ట్రం మాట్లాడే ఇంట పుట్టిన ఒక శిష్యుడు మన గురువు పాటను మన లిపిలో రాసిపెట్టి మనకోసం ఉంచాడు. దాన్ని చదవడం వరకైనా మన వంతు.